నీలి పొట్టేలు పడమటి గోడ

మా వీధి చివర బట్టలుతికే మెషీన్ల కొట్టు నడిపే మ్యూరియెల్‌కి పోయిన ఏడాది ఆవిడ ఆడపడుచు చెప్పిందట. ఆ ఆడపడుచుకి చర్చిలో పూలు సర్దే ఆవిడ చెప్పిందట. నీలి పొట్టేలు పబ్బు పడమటి గోడని కౌన్సిల్ వాళ్లు దత్తత తీసుకున్నారని. పబ్బుని కాదు, గోడని. పబ్బు నడిపే నోరీన్‌ని అసలే కాదు. ఇకమీదట ఆ గోడ దగ్గర గట్టిగా తుమ్మినా జరిమానా అట. గోడకి జలుబు చేస్తే లండన్ నుంచి డాక్టరు దిగుతాడట.

మ్యూరియెల్ చెప్పేదాంట్లో సగం తీసెయ్యాలి. మిగిలిన సగాన్ని మళ్లీ సగం చెయ్యాలి. అలా చేశాక కూడా ఈసారి మిగిలింది నిజమే.

కాబట్టి ఈ వారం నేను మొహమాటం లేకుండా ఒక సత్యం ప్రకటిస్తున్నాను. పాత పబ్బు గోడ మీద వెలిసిపోయిన ప్రకటనకు మించిన మహోపకారి ఈ భూమ్మీద లేదు!

నవ్వకండి. ముందు మీ చేతిలో ఉన్న ఫోను సంగతి ఆలోచించండి. పొద్దున లేచి ఒక్కసారి చెప్పుల జత కోసం వెతికారో, సాయంత్రం దాకా ఆ చెప్పులు మీ వెంటే నడుస్తాయి. వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, పడగ్గదిలోకి వెళ్తే పడగ్గదిలోకి. కొన్నాక కూడా వదలవు. ‘ఇంకో జత?’ అంటాయి. మనకేమన్నా నాలుగు కాళ్లున్నాయా?

నీలి పొట్టేలు గోడని చూడండి. ‘హోల్‌రాయిడ్ వారి బలవర్ధక స్టౌట్’ అని పై వరుస. స్టౌట్ అంటే చిక్కటి నల్ల బీరు. ‘పాలిచ్చే తల్లులకు శ్రేష్ఠం’ అని దాని కింద. ఒక్కో అక్షరం గొర్రెంత ఉంటుంది. నూట ఇరవై ఏళ్ల కిందటి మాట. ఆ కంపెనీ పోయింది. ఆ స్టౌట్ పోయింది. ఆ తల్లులు పోయారు. వాళ్ల పాలు తాగిన పిల్లలూ ముసలివాళ్లయి పోయారు. ఇక ఆ ప్రకటన వల్ల మోసపోయేవాళ్లెవరు చెప్పండి? పూర్తిగా నిజాయితీ గల వ్యాపారి కావాలంటే చచ్చి వందేళ్లయినవాణ్ణే వెతుక్కోవాలి. మా ఊళ్లో అలాంటివాడు దొరికాడు.

ఇంకో మేలు వినండి. మా లోయలో వానకి ఆదివారం కూడా సెలవు లేదు. పక్క ఊళ్లవాళ్లు వాన పడితే మొహం ముడుచుకుంటారు. మేం మాత్రం గొడుగులేసుకుని గోడ దగ్గరికి పరిగెత్తుతాం. ఎందుకంటే ఆ అక్షరాలు ఎండలో సరిగా కనపడవు. తడిస్తేనే చెరువులో చేపలు పైకి లేచినట్టు ఒక్కొక్కటీ లేస్తాయి. ఎంత వాన పడితే అంత చరిత్ర! వానని ఇంత లాభసాటిగా వాడుకున్న ఊరు ఇంకెక్కడైనా ఉందా?

ఇక మూడో వరుస సంగతి. అక్కడొక కొమ్ము, ఇక్కడొక తోక తప్ప అది మొత్తం పోయింది. అదే దాని గొప్పతనం. అర్థమయ్యే వాక్యం మీద ఎవరు పోట్లాడతారు? మా గోడరాతల పరిరక్షణ సంఘంలో ఇప్పుడు రెండు వర్గాలు. అది ‘డాక్టర్లు మెచ్చినది’ అని ఒక వర్గం. ‘రైతులు మెచ్చినది’ అని రెండో వర్గం. ముప్పై ఏళ్లు ఒకే బడిలో పాఠాలు చెప్పిన ఇద్దరు మేష్టార్లు దీనివల్లే క్రిస్మస్ కార్డులు ఇచ్చిపుచ్చుకోవడం మానేశారు.

ఎనభై రెండేళ్ల సెత్, అరవై ఏళ్లుగా నీలి పొట్టేల్లో అదే బల్ల దగ్గర అదే కుర్చీలో కూర్చునే మనిషి, దీన్ని ఒక్క మాటలో తేల్చేశాడు. “అది ‘ఈ గోడకి ఉచ్చ పోయరాదు’ అని. మా తాత చెప్పాడు. ఆయన కోసమే రాయించారు.”

సంఘం వారు ఈ అభిప్రాయాన్ని మినిట్స్‌లో ఎక్కించలేదు.

సంఘం అధ్యక్షులు జూలియన్ పెన్‌రోజ్ గారు. లండన్ వైపు దక్షిణాది మనిషి. రిటైరై, తొమ్మిదేళ్ల కిందట వాగు పక్కన పాత నేతగాళ్ల ఇల్లు కొనుక్కుని వచ్చారు. మంచివారు. ఎవరింటి ముందు మంచు పేరుకున్నా పార పట్టుకుని వస్తారు. వెలిసిపోయినది ఏది కనపడినా కళ్లు చెమ్మగిల్లుతాయి. ఆయన్ని తప్పు పట్టకండి. ఈ జబ్బు ఆయన ఒక్కడిదే అయితే నేనీ వ్యాసం రాయనక్కర్లేదు.

మాకందరికీ ఉంది. మా ఊళ్లో బ్యాంకు ఉన్నంతకాలం దాని మేనేజర్ని తిట్టనివాడు లేడు. క్యూలో నిలబడి తిట్టేవాళ్లం, క్యూ లేకపోతే ఎందుకు లేదని తిట్టేవాళ్లం. బ్యాంకు ఎత్తేశారు. రాతి మీద దాని పేరు సగం మిగిలింది. ఇప్పుడు ఆ సగం పేరుని గిన్నెలు తుడుచుకునే తువ్వాళ్ల మీద అచ్చేసి అమ్ముతున్నారు. మా ఇంట్లోనే రెండున్నాయి. లైబ్రరీ తెరిచి ఉన్నప్పుడు అందులో లైబ్రేరియనూ పిల్లీ తప్ప మూడో ప్రాణి ఉండేది కాదు. మూసేశాక దాని బోర్డు కింద నిలబడి పెళ్లి ఫోటోలు తీయించుకుంటున్నారు. మిల్లు సైరను మోగినన్నాళ్లూ చెవులు మూసుకున్నాం. చిమ్నీ మీద మిల్లు పేరు వెలిసిపోవడం మొదలయ్యాక, ఒకాయన తన కుక్కకి ఆ పేరు పెట్టుకున్నాడు.

బతికుండగా గంజినీళ్లు పోయనివాళ్లం, పోయాక పాయసం వండి కాకుల్ని పిలుస్తాం. ఇందులో తప్పేముంది? పాయసానికి పేరొస్తుంది, గంజికి రాదు కదా!

అందుకని నేను కౌన్సిల్ వారికి ఒక విజ్ఞప్తి కూడా తయారు చేసి పెట్టాను. ఏది బతకాలన్నా ముందు వెలిసిపోనివ్వండి. బస్సు టైమ్ టేబుల్‌ని ఎండలో పెట్టండి. డాక్టరు గారి బోర్డుకి ఉప్పునీళ్లు చల్లండి. బడిపిల్లల పేర్లు పెన్సిల్‌తో రాయండి. పదేళ్లు ఆగండి. ఊరంతా చేతులు జోడించి నిలబడుతుంది.

ఇంత మేలు జరుగుతుంటే కళ్లలో నిప్పులు పోసుకునేవాళ్లు ఒకరైనా ఉండాలి కదా. మా ఊళ్లో ఆ ఒక్కరు నోరీన్.

నోరీన్ హెబిల్‌త్వైట్‌కి అరవై మూడేళ్లు. ముప్పై ఎనిమిదేళ్లుగా నీలి పొట్టేలు బల్ల వెనక నిలబడి ఉంది. భుజాలు వెడల్పు, మాట పొట్టి. ఎవరికి ఎన్నో గ్లాసు దగ్గర ఇల్లు గుర్తుచెయ్యాలో ఆవిడకి తెలుసు. ఎవరికి అసలు గుర్తుచెయ్యకూడదో కూడా తెలుసు.

ఆ పబ్బుకి పడమటి వైపే బీడు కొండ. గాలీ వానా రెండూ అటునుంచే వస్తాయి. చినుకు అక్కడ చినుకులా పడదు, గుప్పెడు కంకర విసిరినట్టు గోడకి తగులుతుంది. అందుకే హోల్‌రాయిడ్ కంపెనీ దివాలా తీసిన ఏడాది నుంచీ అక్కడ ఒక పద్ధతి ఉంది. ప్రతి మే నెలలో, చర్చి వాళ్ల విట్ పండగ సెలవుకి ముందు శనివారం, పబ్బు నడిపేవాడు ఆ గోడకి వెల్ల వెయ్యాలి. ఒకరి నుంచి ఒకరికి ఆ బకెట్టు చేతులు మారుతూ నోరీన్ భర్త క్లిఫర్డ్ దాకా వచ్చింది.

క్లిఫర్డ్ దాన్నొక వ్రతంలా చేసేవాడు. రెండు వారాల ముందే పాత బీరు పీపాలో సున్నం నానేసేవాడు. కసాయి కొట్టు నుంచి గొర్రె కొవ్వు తెచ్చి, వేడి సున్నంలో వేసి, విరిగిన బిలియర్డ్స్ కర్రతో కలిపేవాడు. కొవ్వు కలిస్తే వాన గోడ మీద నిలవదు, బాతు వీపు మీద నీళ్లలా జారిపోతుంది. వేసేటప్పుడు మాత్రం ఆ వెల్ల ఉత్త నీళ్లలా ఉంటుంది. వేశావా లేదా అన్నట్టుంటుంది. దారినపోయేవాళ్లు ఆగి, సున్నం తక్కువైందని వెక్కిరించేవాళ్లు. క్లిఫర్డ్ నిచ్చెన మీద నుంచి చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: “మొదటి గంట మీరు నవ్వండి. రెండో గంట గోడ నవ్వుతుంది.”

ఆరాక చూడాలి. పొగమంచులో దారి తప్పిన గొర్రెల కాపర్లు ఆ గోడ చూసుకుని ఊళ్లోకి దిగేవాళ్లు.

నాలుగేళ్ల కిందట ఫిబ్రవరిలో క్లిఫర్డ్ పోయాడు. సెల్లారులోకి పీపా దించుతూ గుండె పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు, అంతే. ఆ మే నెలలో నోరీన్ సెల్లారులో ఆ సున్నం పీపా వైపు చూడలేకపోయింది. రెండో మే నెలకి ఆవిడ భుజం పట్టేసింది. చెయ్యి తల దాకా లేవలేదు. రెండో శీతాకాలం దాటేసరికి, ఎండకి కమిలిన వీపు మీద చర్మం ఊడినట్టు గోడ మీద వెల్ల పొరలు పొరలుగా ఊడి, అడుగునుంచి హోల్‌రాయిడ్ వారు తొంగిచూశారు.

మొదట చూసింది సెత్. “అమ్మాయ్, మీ గోడ ఏదో చెప్పాలని చూస్తోంది” అన్నాడట. ఇంటికప్పు మీద ఊడుతున్న రాతి పలకలు కూడా చాలా చెబుతున్నాయని, ముందు వాటి మాట వింటున్నానని నోరీన్ అందట.

ఇక్కడొక్క క్షణం ఆగండి పాఠకులారా. న్యాయంగా ఆలోచించండి. క్లిఫర్డ్ బతికున్నన్నాళ్లూ చేసిందేమిటి? ఊరి చరిత్రని ఏటా మూడు పూతల కింద పూడ్చిపెట్టడం! ఆయన పోబట్టే కదా మాకీ నిధి దక్కింది? ఎక్కాల్సినవాళ్లు నిచ్చెన ఎక్కకపోవడం వల్ల ఊళ్లకి ఇంత మేలు జరుగుతుందని ఇన్నాళ్లూ మాకు తెలియనే లేదు.

చరిత్ర బయటికి వస్తే వాన లోపలికి వచ్చింది. ఆ గోడకి లోపలివైపు ఉన్నది చిన్నగది. బొగ్గుల పొయ్యి, నాలుగు బల్లలు. గురువారం గురువారం అక్కడ డామినోలు, అంటే చుక్కల బిళ్లలాట, ఆడతారు. ఆటంటే ఆట కాదు, జిల్లా లీగు. సెత్ జట్టులో ఆరుగురు. వాళ్ల కోసం ఎదుటి జట్టు వస్తుంది, వాళ్లని వెక్కిరించడానికి ఇంకో పది మంది వస్తారు. అందరికీ పంది మాంసం కూరి కాల్చిన పైలు, బఠాణీల ముద్ద. నీలి పొట్టేలు బతికేదే ఆ గురువారం మీద. మిగతా ఆరు రోజులూ గురువారం కోసం తలుపు తెరిచి ఉంచడమే.

మొదట గోడ కాగితం ఉబ్బింది. తర్వాత దాని మీద నల్లటి బూజు పూలు పూసింది. బల్లలు వంగి, పేర్చిన డామినోలు వాటంతటవే జారిపోయేవి. ఎదుటి జట్టు అది సెత్ చేస్తున్న మోసమని ఫిర్యాదు చేసింది. ముసలివాళ్ల మోకాళ్లు పట్టేశాయి. చివరికి నోరీన్ ఆ గదికి తాళం వేసింది. జట్టు పక్క ఊరి క్లబ్బులో తలదాచుకుంది. ఈ అక్టోబరు మొదటి గురువారానికల్లా పొడి గది చూపించకపోతే నీలి పొట్టేలు పేరు లీగులోంచి కొట్టేస్తామని కార్యదర్శి ఉత్తరం రాశాడు. అది కొట్టేస్తే పబ్బు తాళాలు తిరిగి ఇచ్చెయ్యడం తప్ప నోరీన్‌కి ఇంకో దారి లేదు. పబ్బు సొంతదారైన కంపెనీకి రాస్తే, లీజు ప్రకారం గోడ బాధ్యత ఆవిడదేనని జవాబు వచ్చింది.

సరే గోడ నాదేగా అని, పోయిన ఏడాది మే నెలలో నోరీన్ సున్నం నానేసింది.

అప్పుడొచ్చారు పెన్‌రోజ్ గారు, చేతిలో కౌన్సిల్ కాగితంతో. ఆ అక్షరాలకి రక్షణ వచ్చిందని, ఇకమీదట ఎవరూ వాటిని గీకకూడదని, చెరపకూడదని, రంగు పూయకూడదని ఎంతో ఆనందంగా చెప్పారు.

“ఆ గోడ ఇప్పుడు మీ ఒక్కరిదే కాదండీ మిసెస్ హెబిల్‌త్వైట్. మనందరిదీ.”

“అందరిదీ అయితే అందరూ తలో బకెట్టూ పట్టుకు రండి. లోపల పన్నెండు చోట్ల కారుతోంది” అంది నోరీన్.

ఆయన మనసారా నవ్వి, స్థానికుల హాస్యం ఎంత బాగుంటుందోనని నోటుబుక్కులో రాసుకున్నారు.

తర్వాత కౌన్సిల్ నుంచి ఒకమ్మాయి వచ్చి, గోడ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, గోడ ఊపిరి తీసుకుంటోందని చెప్పింది. బూజు వాసనకి లోపల తనకే ఊపిరాడటం లేదని నోరీన్ చెప్పింది. ఆ అమ్మాయి దాన్ని రాసుకోలేదు. ఆ ఫారంలో గోడ ఊపిరికే గడి ఉంది.

అప్పటినుంచి చూడాలి మా ఊరి వైభవం! వాన పడే ప్రతి శనివారం జనం వస్తున్నారు. ఎదుటి పేవ్‌మెంటు మీద వరుసగా నిలబడతారు. గొడుగు ఒక చేత్తో, కెమెరా ఇంకో చేత్తో. ఎవరి థర్మాసులోంచి వాళ్లు టీ పోసుకుంటారు. తెరిచి ఉన్న పబ్బుకి ఎదురుగా నిలబడి, పబ్బు గోడ మీద పానీయం పేరు చదువుతూ, ఇంటి దగ్గర కాచుకొచ్చిన టీ తాగుతారు. ఇంత నిగ్రహం ఋషులకైనా ఉంటుందా?

వాళ్లు నోరీన్‌ని ఏమీ అడగరని అనుకోకండి. అడుగుతారు. ‘ఈరోజు వేడి పైలు’ అని ఆవిడ రాసిన నల్లబల్ల ఫోటోలో పడుతోందని, కాస్త తీయమని అడుగుతారు. చెత్త డబ్బాలు జరపమంటారు. గోడ పక్కన ఆవిడ ఆరేసిన దుప్పట్లు ఆ కాలానికి తగినట్టు లేవంటారు. పెరట్లో ఉన్న మరుగుదొడ్డి ఎటువైపని అడుగుతారు. అది కూడా బయటే కాబట్టి లోపలికి రావాల్సిన పని ఉండదు.

ఒకసారి ఒకావిడ గోడని ఫోటో తీసి, ఆ ఫోటోని అక్కడికక్కడే నోరీన్‌కి చూపించి, ఇలాంటి పబ్బులు ఇప్పుడెక్కడున్నాయమ్మా అని కన్నీళ్లు పెట్టుకుందట. చేతిలో పళ్లెంతో నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్న నోరీన్, పైలు చల్లారిపోతున్నాయని లోపలికి వెళ్లిందట.

ఇలా ఉండగా ఈ ఏడాది గోడకి ఇత్తడి పలక పెట్టాలని సంఘం నిర్ణయించింది. ముహూర్తం ఏం పెట్టారనుకున్నారు? మే నెలలో విట్ పండగ ముందు శనివారం, పదకొండు గంటలకి! వాళ్లకి ఆ రోజు సంగతి తెలియదు. సెలవు కలిసొస్తుందని పెట్టుకున్నారు.

ఆ కబురు విన్న రోజు సెత్ కౌన్సిల్ కాగితం ఒకసారి చూపించమన్నాడు. కళ్లద్దాలు రెండు జతలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని మధ్యాహ్నమంతా చదివాడు. అరవై ఏళ్లు డామినోలు ఆడినవాడు, ఎదుటివాడి చేతిలో ఏం మిగిలిందో చూడకుండా ఎత్తు వెయ్యడు. నాలుగో పేజీ అడుగున దొరికింది. ‘కట్టడానికి ఏటా సంప్రదాయంగా జరిగే నిర్వహణ పనులను, సంప్రదాయ సామగ్రితో చేసుకొనుటకు అనుమతి అవసరం లేదు.’

“నాలుగేళ్లు మానేశాంగా” అంది నోరీన్.

“మానలేదమ్మాయ్. వాయిదా పడింది.”

శనివారం పొద్దున్నే, ఐదున్నరకి, పొగమంచు. నోరీన్ నిచ్చెన ఎక్కింది. కింద సెత్ పీపాలో బిలియర్డ్స్ కర్ర తిప్పుతూ కూర్చున్నాడు. రాత్రి ఉతికిన దుప్పట్లు ఇవ్వడానికి వచ్చిన మ్యూరియెల్ ఏమిటీ వింతని నోరు తెరిచింది. సెత్ ఆవిడ చేతికి ఒక కుంచె ఇచ్చాడు. నోరూ చెయ్యీ ఒకేసారి ఆడించలేని మనిషి కాబట్టి, ఆవేళ ఊళ్లో ఎవరికీ కబురు అందలేదు.

నోరీన్ చెయ్యి తల దాకా లేవదని చెప్పాను కదా. పొడుగు కర్రకి కుంచె కట్టుకుంది. క్లిఫర్డ్ ఎక్కడ మొదలుపెట్టేవాడో అక్కడే, పైన కుడి మూల, మొదలుపెట్టింది. మంచులో ఏదీ ఆరలేదు. ఒక పూత, దాని మీద రెండో పూత. రెండూ నీళ్లలానే ఉన్నాయి. ఆ తడికి హోల్‌రాయిడ్ వారి అక్షరాలు ఎన్నడూ లేనంతగా తేలాయి. నిన్న మొన్న రాసినట్టున్నాయి. మూడో వరుసలో కూడా నాలుగైదు ముక్కలు పైకి వచ్చాయి.

పదకొండుకి నలభై మంది వచ్చారు. గోడని చూసి ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ కెమెరాలు తీశారు. తమ సభ కోసం నోరీన్ గోడంతా నీళ్లతో కడిగిందని పెన్‌రోజ్ గారు అనుకున్నారు. రెండు చేతులతో నోరీన్ చెయ్యి పట్టుకుని, ఇంత శ్రమ తీసుకుంటారని కలలో కూడా అనుకోలేదన్నారు.

“ఏటా ఉండేదేనండీ” అంది నోరీన్. ఆయన చేతికి సున్నం అంటింది.

ఇక ఉపన్యాసాలు. పెన్‌రోజ్ గారు గోడకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి మొదలుపెట్టారు. అక్షరం శాశ్వతమన్నారు. ఆయన తర్వాత కౌన్సిలరు. కౌన్సిలరు తర్వాత, విక్టోరియా రాణి కాలంలో జనం దాహాల మీద పరిశోధన చేసిన ఒకావిడ. ఆవిడ రాసుకొచ్చిన కాగితాలు మందంగా ఉన్నాయి.

పావు తక్కువ పన్నెండుకి మా లోయలో ఎన్నడూ జరగనిది జరిగింది. మంచు విడిపోయి ఎండ కాసింది, దానికి కొండగాలి తోడైంది!

ముందు ‘పాలిచ్చే తల్లులు’ పోయారు. నెమ్మదిగా, పాలలోకి దిగినట్టు పోయారు. ముందు వరుసలో ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకుని చూసేసరికి ‘శ్రేష్ఠం’ కూడా పోయింది. పక్కనున్న ఆవిడ తనకి కంట్లో శుక్లం ముదిరిందనుకుని దిగులుపడింది. ఇంకొకాయన ఆకాశం వైపు చూశాడు. అందరికీ కనపడుతోంది. ఎవరూ పలకరే! ఉపన్యాసం మధ్యలో లేచి ‘అమ్మా, మీ వెనక చరిత్ర మాయమవుతోంది’ అనడం మర్యాదేనా? మా ఊరివాళ్లు ఇల్లు కాలుతున్నా ఎదుటి మనిషి వాక్యం పూర్తి చేసేదాకా ఆగుతారు. దాహాల ఆవిడ ఇంకో కాగితం తిప్పింది.

సెత్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ఫుట్‌బాల్ మ్యాచి చూస్తున్నట్టు చూశాడు. ‘బలవర్ధక’ సగం పోయినప్పుడు తలూపాడు. హోల్‌రాయిడ్ వారి చివరి తోక పోయినప్పుడు టోపీ తీశాడు.

ఇప్పటికీ నా మాట మీదే నేనున్నాను. వెలిసిపోయిన ప్రకటన మహోపకారి. అది లేకపోతే ఆ నలభై మందీ ఆ వీధిలోకి వచ్చేవాళ్లా? నీలి పొట్టేలు అనే పబ్బొకటి ఉందని వాళ్లకి తెలిసేదా? తెలియకపోతే, ఆ పబ్బు మూతపడ్డ రోజున బాధపడేవాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారు?

చివరికి చప్పట్లు మోగాయి. పెన్‌రోజ్ గారు ఇత్తడి పలక మీది గుడ్డ లాగారు. లాగి, అక్షరాలు చూపించడానికి చెయ్యి పైకెత్తి గోడ వైపు తిరిగారు.

గోడ నవ్వుతోంది. కొండ మీది గొర్రెలకి కూడా కనపడేంత తెల్లగా.

ఎత్తిన చెయ్యి ఆయన చాలాసేపు దించలేదు. తన చేతి మీద ఎండిన సున్నం వైపు చూసుకున్నారు. కోప్పడటం చేతకాని మనిషి.

“మిసెస్ హెబిల్‌త్వైట్... అక్షరాలేవండీ?”

“ఉన్నాయి. ఎక్కడికి పోతాయి? ఇన్నాళ్లూ ఈ సున్నం కిందే కదా ఉన్నాయి. అందుకేగా మిగిలాయి” అంది నోరీన్, ఏప్రానుకి చేతులు తుడుచుకుంటూ.

“మరి... మేమిక్కడ చూడ్డానికి ఇంకేం మిగిలిందండీ?”

నలభై మందీ ఆవిడ వైపే చూస్తున్నారు. ఎవరి చేతిలో థర్మాసు వాళ్ల చేతిలో ఉంది.

“పబ్బుంది కదా బాబూ” అంది నోరీన్. “తెరిచే ఉంది. అది కూడా వెలిసిపోయేదాకా ఆగుతారా?”